కిండర్‌గార్టెన్ గది సర్దేముందు ఒక పూట నేల మీద కూర్చోండి

నాలుగైదేళ్ల పిల్లలకు చెప్పడం మొదలుపెట్టి నాకు ఇరవై మూడేళ్లయింది. మొదటి ఆరేడేళ్లు వాళ్లను కోప్పడటంతోనే గడిచిపోయాయి. పరుగెత్తవద్దు, తోసుకోవద్దు, లాక్కోవద్దు, గోడ మీద గీయవద్దు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. ఆ అల్లరిలో సగానికి కారణం గదేనని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఒక బీరువా జరిపితే పోయే గొడవను ఏడాది పొడవునా అరిచి ఆపాలని చూశాను.

మాది తెనాలిలో ఒక చిన్న బడి. నా తరగతి గది ఇరవై అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పు. తూర్పున వరండాలోకి తలుపు, దానికి సరిగ్గా ఎదురుగా కిటికీ, ఉత్తరాన మరో కిటికీ. పిల్లలు ఇరవై నలుగురు. నేను, ఒక ఆయమ్మ. ఎయిర్ కండిషనర్ లేదు, తివాచీ లేదు, గచ్చు నేల. ఇలాంటి గదే మీకూ ఉండి, జూన్‌లోగా దాన్ని సర్దుకోవాలనుకుంటే ఇది మీ కోసమే.

మొదట చేయాల్సింది: ఏమీ కొనకండి. సెలవుల్లో ఒక ఉదయం ఖాళీ గదికి వెళ్లి, తలుపు దగ్గర నేల మీద బాసింపట్టు వేసుకుని పావుగంట కూర్చోండి. నేను మొదటిసారి అలా కూర్చున్నప్పుడు నాకు కనిపించినవి చెబుతాను. బల్లల అడుగున సాలెగూళ్లు. కిటికీలోంచి ఆకాశం తప్ప మరేదీ కాదు. అంత శ్రద్ధగా అతికించిన అక్షరమాల పటాల్లో నా కళ్లకు ఎదురుగా ఉన్నది అచ్చు వేసిన కంపెనీ పేరు. అ, ఆలు ఎక్కడో ఫ్యాను పొరుగున ఉన్నాయి. చేతికి అందే ఎత్తులో ఉన్నదల్లా ఒక్కటే, టేపు రికార్డరు కోసం లాగిన కరెంటు తీగ.

నాలుగేళ్ల పిల్లల ఎత్తు మూడడుగుల పైన మూడు నాలుగు అంగుళాలు. కళ్లు దాదాపు మూడడుగుల దగ్గర ఉంటాయి. అందుకని సుద్దముక్కతో గది చుట్టూ మూడడుగుల ఎత్తున ఒక గీత గీయండి. పిల్లలు చూడాల్సినవి, తీసుకోవాల్సినవి ఆ గీతకు అటూ ఇటూ రావాలి. వాళ్లకు అందకూడనివి, అంటే కత్తెర, మందులు, మీ చేతిసంచి, ఐదడుగులకు పైన. ఈ రెంటికీ మధ్యనున్న గోడ మీకు, తల్లిదండ్రులకు, తనిఖీకి వచ్చేవాళ్లకు. అక్కడ ఏం పెట్టినా పిల్లలకు పట్టదు.

గొడవల పటం

పాత గదినే మార్చుకుంటున్నవాళ్లు దీన్ని దాటవేయకండి. ఒక కాగితం మీద గది పటం గీసుకుని వారం రోజులు దగ్గర పెట్టుకోండి. ఎక్కడ ఎవరు కొట్టుకున్నా, ఏడ్చినా, పడినా అక్కడ ఒక ఇంటూ గుర్తు. ఎవరు తప్పు చేశారన్నది రాయవద్దు, చోటు మాత్రమే. నా పటంలో శనివారానికి నలభై పైచిలుకు గుర్తులు తేలాయి. అవి గదంతా పరుచుకోలేదు. మూడు చోట్ల చీమల్లా మూగాయి.

మొదటిది చెప్పులు విడిచే చోటు. ఇరవై నలుగురు ఒకేసారి ఒకే గడప మీద కూలబడితే ఇంకేమవుతుంది? వరండా గోడ వెంట వరసగా ఇరవై నాలుగు జతల చెప్పుల ఆకారాలు పెయింటుతో గీశాం. తన గుర్తు దగ్గర తను విడవడమే. రెండోది మంచినీళ్లు. ఫిల్టరు కిటికీ గట్టు మీద ఉండేది, దాహమేసిన ప్రతివాడూ నన్ను అడగాలి, నేను లేస్తే వెనకాల పది మందికి దాహం. దాన్ని పొట్టి స్టూలు మీదికి దించి, కుళాయి పిల్లల నడుము ఎత్తుకు వచ్చేలా చూసి, కింద ఒక బేసిన్, పక్కన కొక్కేనికి తుడుపుగుడ్డ పెట్టాం. మొదటి వారం గదంతా తడి. రెండో వారం నుంచి ఒలకబోసినవాళ్లే తుడవడం మొదలుపెట్టారు, అవసరం లేకపోయినా తుడిచారు.

మూడోది చెక్క దిమ్మెలతో ఇళ్లు కట్టే చోటు. అది తలుపు పక్కన ఉండేది. ఒకడు పది నిమిషాలు కష్టపడి గోపురం లేపేవాడు, ఒంటేలుకు పరుగెత్తే ఇంకొకడి కాలు తగిలి అది కూలేది, ఆపైన ఏడుపు, కొట్లాట, నా తీర్పు. ఎన్ని తీర్పులు చెప్పానో! ఇప్పుడు అది గదిలో అందరికన్నా దూరపు మూలలో ఉంది. రెండు వైపుల గోడలు, మూడో వైపు పొట్టి అర. ఎటైనా వెళ్లేవాళ్లు అటుగా వెళ్లాల్సిన పనే లేదు.

పరుగుల సంగతి కూడా ఆ పటమే చెప్పింది. పడినచోట్ల గుర్తులన్నీ తలుపు నుంచి ఎదుటి కిటికీ దాకా ఒకే గీత మీద ఉన్నాయి. ఇరవై అడుగుల ఖాళీ తిన్నగా కనిపించాక పరుగెత్తనివాడు నాలుగేళ్లవాడు ఎలా అవుతాడు? పుస్తకాల అరను గోడ నుంచి లాగి ఆ దారికి అడ్డంగా పెట్టాం. ఆ రోజు ముగ్గురు పరుగు మొదలుపెట్టి, అర ముందు ఆగి, దాన్ని ఆశ్చర్యంగా చూసి, అక్కడే కూర్చుని పుస్తకాలు తీశారు. పరుగు ఎక్కడికీ పోలేదు, వరండాలోకి వెళ్లింది. అక్కడ ఉండాల్సిందే అది.

ఏ మూలలో ఏది

ముందు గదిలో కదలనివి ఏవో చూసుకోవాలి: నీళ్లు, వెలుతురు, తలుపు. మిగతావి వాటిని బట్టి కుదురుతాయి. రంగులు, మట్టి, నీళ్ల ఆటలు కుళాయికి, వరండాకు దగ్గరగా. పుస్తకాలు, బొమ్మలు గీయడం వెలుతురున్న కిటికీ దగ్గర. చప్పుడు చేసే దిమ్మెలు, బొమ్మరిల్లు ఒక పక్కకు, నిశ్శబ్దంగా చేసుకునేవి ఇంకో పక్కకు. మొదట్లో నేను పుస్తకాల చాప, బొమ్మరిల్లు పక్కపక్కన వేశాను. పుస్తకం తెరిచినవాళ్లంతా రెండు నిమిషాల్లో పప్పు వండటానికి వెళ్లిపోయేవాళ్లు.

మూలలను విడదీసే అరలు రెండున్నర అడుగులు మించవద్దు. కూర్చున్న పిల్లవాడికి అది గోడ, నిలబడిన మీకు గదంతా కనిపిస్తుంది. అరలకు తలుపులు వద్దు. గోడకు బిగించని అర ఏదైనా సరే వడ్రంగి చేత అడుగున వెడల్పు పీట కొట్టించండి, పిల్లలు తప్పకుండా ఎక్కుతారు.

బల్లలు ఇరవై నాలుగు మందికీ సరిపడా అక్కరలేదు. పన్నెండు మందికి చాలు, మిగతావాళ్లు చాపల మీద ఉంటారు. 1907లో రోమ్ నగరంలో మరియా మాంటెస్సోరీ అనే వైద్యురాలు పిల్లల ఇల్లు అనే తన మొదటి బడి తెరిచినప్పుడు నేలకు బిగించిన బెంచీలను కాదని, పిల్లలే ఎత్తి మోయగల తేలిక కుర్చీలు చేయించింది. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారులో శిక్షణ తరగతులు నడిపాక ఆ పద్ధతి మన వైపూ తెలిసింది. బరువైన ఇనుప బెంచీలు ఉంటే కదలకుండా ఉంటారని మన యాజమాన్యాలు ఇప్పటికీ అనుకుంటాయి. కుర్చీ పడిపోయి చప్పుడైతేనే కదా మెల్లగా జరపడం తెలిసేది.

దిమ్మెలు బజారులో కొంటే చాలా ఖరీదు. కలప అడితిలో మిగిలిన ముక్కలు అడగండి. ఒక కొలత మాత్రం పట్టించుకోవాలి: మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకు రెట్టింపు పొడవు. అంగుళంన్నర మందం, మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. వాటిలో కొన్నింటిని సగానికి కోయించండి, కొన్నింటిని రెట్టింపు పొడవు చేయించండి. అప్పుడు రెండు చిన్నవి ఒక పెద్దదానితో సమానమని ఎవరూ చెప్పకుండానే వంతెన కట్టేటప్పుడు తేలిపోతుంది. అంచులను ఇసుక కాగితంతో మీ చెంపకు రాసుకున్నా గుచ్చుకోనంతగా రుద్దించండి. రంగు వేయవద్దు.

బొమ్మరింటికి ప్లాస్టిక్ వంట సామాను కన్నా చిన్న స్టీలు గిన్నెలు, గరిటె, చేట, పాత సెల్‌ఫోను, మీసాల నాన్న చొక్కా ఒకటి ఎక్కువ పని చేస్తాయి. లక్కపిడతలు పెట్టదలిస్తే ఏటికొప్పాకవి తెప్పించుకోండి. అంకుడు కర్ర మీద లక్కతో, చెట్ల నుంచి తీసిన రంగులతో చేసేవి. అవి ఆ ఊరి సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వాటికి 2017లో వచ్చింది. తిరునాళ్లలో అదే ఆకారంలో చవకగా దొరికేవాటికి ఏ రంగు పూశారో తెలియదు, పిల్లలేమో మొదట నోట్లోనే పెట్టుకుంటారు.

ఒక్కో మూలకు ఎంతమంది అన్నది ఇంకో తగువు. గోడకు నాలుగు కొక్కేలు కొట్టించండి. ప్రతి పిల్లకూ ఒక గుర్తు బిళ్ల ఉంటుంది: నిమ్మకాయ, చిలక, గొడుగు, ఎడ్లబండి. తన బిళ్ల కొక్కేనికి తగిలించి లోపలికి వెళ్లాలి. కొక్కెం ఖాళీ లేకపోతే చోటు లేదు. కాదన్నది కొక్కెం కాబట్టి నా మీద అలగరు. ఆ బిళ్ల మీద బొమ్మ కింద పేరు తెలుగులో పెద్దగా రాస్తాను. అవే బొమ్మలు సంచుల కొక్కేల దగ్గర, గ్లాసుల మీద, చెప్పుల గుర్తుల దగ్గర. దసరా సెలవుల తరువాత బొమ్మను మడతపెట్టి పేరు మాత్రమే ఉంచితే చాలామంది తమదే కాదు, పక్కవాళ్ల పేరు కూడా పట్టేస్తారు. బలపం పట్టి దిద్దించకముందే.

గోడలు

ఇక్కడ నాకు మా యాజమాన్యంతో రెండేళ్లు చుక్కెదురయింది. తల్లిదండ్రులు చూడటానికి వచ్చినప్పుడు గోడలు కళకళలాడాలని వాళ్ల కోరిక. ఏనుగులు, ఎలుగులు, ఇంద్రధనుస్సు, ఒకటి నుంచి వంద, నెలల పేర్లు, జాతీయ నాయకులు, తళుకు తోరణాలు. నా వాదనకు బలం ఒక ప్రయోగం వల్ల వచ్చింది. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కిండర్‌గార్టెన్ పిల్లలకే కొన్ని పాఠాలు నిండుగా అలంకరించిన గదిలోను, కొన్ని బోసి గోడల గదిలోను చెప్పించారు. తరువాత అడిగిన ప్రశ్నల్లో బోసి గదిలో పాఠాలకు సరైన జవాబులు 55 శాతం, అలంకరించిన గదిలో పాఠాలకు 42 శాతం. పిల్లలు గోడలు చూస్తూ గడిపిన సమయం కూడా అలంకరించిన గదిలోనే ఎక్కువ. ఆ అంకెలు కాగితం మీద రాసి ఇస్తే అప్పుడు ఒప్పుకున్నారు, అదీ మూడు గోడల వరకే. నాలుగో గోడ మీద ఏనుగు ఇప్పటికీ ఉంది. దానికి నా వీపు ఉండేలా కాక, పిల్లల వీపులు ఉండేలా కూర్చోబెడతాను.

గోడకు లేత రంగు ఒక్కటే. లేత మీగడ రంగు మా ఎండకు బాగుంటుంది. కొనేటప్పుడు డబ్బా మీద సీసం సంగతి చదవండి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో తొంభై, మించకూడదని 2016లో నిబంధన వచ్చింది, 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. గూట్లో మిగిలిపోయిన పాత డబ్బాతో కిటికీ చువ్వలకు పూయడం మానండి, చువ్వలను పళ్లతో కొరికేవాళ్లు ప్రతి ఏడాదీ ఇద్దరైనా ఉంటారు.

ఒక గోడకు నేల నుంచి మూడడుగుల వరకు నల్లబల్ల రంగు వేయించండి. గోడల మీద గీతల గురించి నేను చేసిన రాద్ధాంతమంతా దానితో పోయింది. సుద్దపొడి ఎగరకుండా తడిగుడ్డ పక్కనే ఉంచాలి. మిగతా చోట్ల పిల్లలు వేసిన బొమ్మలు దారం మీద క్లిప్పులతో, మూడడుగుల ఎత్తునే. నెల దాటితే తీసి ఇంటికి పంపండి. అచ్చు పటాలు ఒక్కసారికి ఒకటి, ఆ వారం మాట్లాడుకునేది మాత్రమే.

గది మోగుతుందా అన్నది కూడా చూసుకోండి. నడిమధ్యన నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి. చప్పుడు తిరిగి వస్తే ఇరవై నలుగురి మాటలూ అలాగే తిరిగి వస్తాయి, ఒకరిని మించి ఒకరు అరుస్తారు. నేను పుస్తకాల మూలలో రెండు జంపఖానాలు పరిచి, వెనక గోడకు నాలుగు పాత నేత చీరలు మడతలుగా వేలాడదీశాను. కుర్చీ కాళ్లకు సైకిలు ట్యూబు ముక్కలు తొడిగాను. నా గొంతుకు మిరియాల పాలకన్నా అదే మేలు చేసింది.

అలకిల్లు

ఈ ఒక్కటి నేను ముందుగా అనుకుని చేసింది కాదు. ఒక జూన్‌లో కొత్తగా చేరిన పాప నాలుగు రోజులు ఏకధాటిగా ఏడ్చింది. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే గింజుకునేది, వదిలేస్తే తలుపు దగ్గరకు పరుగు. ఐదో రోజు ఏడుపు వినిపించక కంగారుపడి వెతికితే నా బల్ల కింద దొరికింది. బల్ల మీద పరిచిన చీర అంచు కిందికి వేలాడుతోంది, ఆ చీర చాటున మోకాళ్లు ముడుచుకుని కూర్చుని గదిని చూస్తోంది. నేనేమీ అనలేదు. అరగంటకు చీర కింద నుంచి ఒక చెయ్యి వచ్చి, దగ్గరలో పడివున్న దిమ్మెను లోపలికి లాక్కుంది. కాసేపటికి ఇంకొకటి. మధ్యాహ్నానికి బయటికి వచ్చి అన్నం తింది.

మర్నాడే నా బల్ల వాళ్లకు వదిలేశాను. మూడు పక్కలా పాత చీర, లోపల చిన్న బొంత, ఒక దిండు, ఒక గుడ్డ బొమ్మ. దానికి అలకిల్లు అని పేరు పిల్లలే పెట్టారు. పెళ్లిలో అలకపానుపు చూసివచ్చినవాడెవడో ఉండాలి. నియమాలు రెండే. లోపల ఒక్కరే ఉండాలి. లోపలున్నవాళ్లను ఎవరూ పిలవకూడదు, నేను కూడా. చీర మాత్రం నేలకు జానెడు పైకి ఉండాలి, పాదాలు నాకు కనిపించాలి.

శిక్ష కింద ఎవరినీ అందులోకి పంపవద్దు. ఒక్కసారి పంపితే చాలు, ఆ తరువాత దాన్లోకి ఎవరూ తమంతట తాము వెళ్లరు. మా దగ్గర సాయానికి వచ్చిన ఒక టీచరు ఆ పని చేసింది. మళ్లీ దారికి తేవడానికి నెలన్నర పట్టింది, చీర కూడా మార్చాల్సి వచ్చింది.

దెబ్బలు తగిలే చోట్లు

గబగబా చెబుతాను. మరుగుదొడ్డి తలుపు లోపలి గడియ తీసేయండి. మా దగ్గర ఒకడు గడియ వేసుకుని తీయలేక, కిటికీ చువ్వ కోసేదాకా లోపలే ఉన్నాడు. ఆ ముప్పావుగంట నేను మరిచిపోను. గడియ బదులు తలుపుకు ఎరుపు, పచ్చ బిళ్ల తిప్పుకోవడం నేర్పితే సరిపోతుంది. తలుపు బందుల వైపు సందులో వేళ్లు నలుగుతాయి, పై నుంచి కింద దాకా మందపాటి గుడ్డ పట్టీ కొట్టించండి. నీళ్ల ఆట కాగానే తొట్టిని బోర్లించాలి, నాలుగంగుళాల నీళ్లు కూడా చిన్నపిల్లలకు ప్రమాదమే. చింతపిక్కలు, శనగలు, గవ్వలు లెక్కలకు బంగారంలాంటివి, అయితే అవి మీరు పక్కన కూర్చున్నప్పుడే, పళ్లెంలోనే. ముక్కులోకి వెళ్లిన శనగగింజ తడికి ఉబ్బుతుంది. దాన్ని బడిలో తీయబోకండి, నేరుగా ఆసుపత్రికి.

మొదటి రోజున గదిలో ఏముండాలి

చాలా తక్కువ. ఉన్న సామానులో మూడో వంతు మాత్రమే అరల్లో పెట్టి, మిగతాది ట్రంకు పెట్టెలో దాచండి. అన్నీ ఒకేసారి పెడితే అన్నీ తీసి గుమ్మరించి, దేనితోనూ ఆడకుండా ఏడుస్తారు. మొదటి వారం దిమ్మెలు, పుస్తకాలు, బొమ్మరిల్లు, అలకిల్లు. వస్తువు పెట్టే చోట అరలోనే దాని ఆకారం గీసి ఉంచితే తిరిగి అక్కడే పెడతారు. రంగులు రెండో వారం. కత్తెర జూలై దాటాకే. పదిహేను రోజులకొకసారి పిల్లలు పట్టించుకోనిది ట్రంకులోకి, ట్రంకులోది బయటికి. మూడు నెలల తరువాత బయటికి వచ్చిన పాత బొమ్మను కొత్తదే అనుకుంటారు.

వరండాలో ఎండ పడే చోట పాత రంగు డబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి, మట్టి పోసి వరసగా పెట్టండి. జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త 1840లో తన బడికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టింది మాట వరసకు కాదు. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో మడి ఉండేది. మన దగ్గర మడికి చోటు లేకపోతే డబ్బానే మడి. మెంతులు చల్లండి, మూడు నాలుగు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. మామిడి టెంక నాటితే అంతకాలం ఎవరూ ఎదురుచూడరు, రోజూ తవ్వి చూస్తారు. మెంతులను కూడా ఇద్దరు ముగ్గురు తవ్వి చూస్తారు, అందుకని ఒక డబ్బా అదనంగా చల్లి అందని చోట ఉంచుకోండి. డబ్బా మీద పేరు కాక, కొక్కేల దగ్గరున్న బొమ్మే ఉండాలి. తమ నిమ్మకాయ, తమ చిలక ఎక్కడుంటే అక్కడికే నీళ్లు మోసుకెళ్తారు.